మడిలో పూడ్చిన తెల్లచీర

మా వదినగారు జీవరత్నం గారికి తెల్లచీరలు మూడే ఉండేవి. మూడూ నూలువే. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి పెట్టెలో. పెట్టెలోది ఆదివారం చర్చికి. అంచు సన్నగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉండేది. వాటిని ఉతికేది నేనే కాబట్టి ఆ అంచు నాకు బాగా తెలుసు.

ఆవిడ మా ఆయన మోషేకి అక్క. మాది కోడూరు. ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడ ఇంకా పరికిణీలు కట్టే పిల్ల. తల్లీ తండ్రీ నీళ్ళలో పోయారు. ఆవిడ మాత్రం నడక నేర్చిన మా ఆయన్ని రెక్క పట్టుకుని, పాలు మానని మా మరిది బంగార్రాజుని చంకనేసుకుని ఇంటెనక గడ్డివామి ఎక్కింది. నీళ్ళకి వామి మొదలు కదిలి తేలిపోయిందట. ఎంత దూరం పోయిందో ఎవరికీ తెలియదు. నీళ్ళు తీశాక ఒక మెరక మీద ముగ్గురూ దొరికారు. ఈ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు చెబితే విన్నాను.

పెళ్ళి నాగాయలంక ఇచ్చారు. భర్త పడవ మీద పోయి తిరిగి రాలేదు. ఆవిడ తెల్లచీర కట్టుకుని కోడూరు తిరిగొచ్చేసింది. తమ్ముళ్ళు అప్పటికింకా అక్క వండిపెడితే తినే వయసులోనే ఉన్నారు. ఊడ్పులకెళ్ళింది, కోతలకెళ్ళింది, కుప్పలేసింది. అన్నిటికంటే వామి వెయ్యడంలో ఆవిడకి పేరు. కింద నుంచి మగవాళ్ళు గడ్డి మోపులు అందిస్తుంటే పైన నిలబడి సర్ది తొక్కేది ఆవిడ. ఆవిడ తొక్కిన వామిలోకి ఎంత వానొచ్చినా చుక్క దిగేది కాదని చెప్పుకునేవారు. నేను ఏడో తరగతి ఆపేసి కోడలిగా వచ్చిన రోజున కూడా ఆవిడ వామి మీదే ఉంది. పైనుంచే నన్ను చూసి, "అమ్మాయ్ దయామణీ, అన్నం పొయ్యి మీదుంది, మాడకుండా చూడు" అంది. అదే మా మొదటి మాట.

తర్వాత కోత మిషన్లు వచ్చాయి. మిషను వడ్లు తీసుకుని గడ్డి ముక్కలు చేసి మడంతా పారేసి పోతుంది. మళ్ళీ పైరుకి అడ్డమని జనం తగలెట్టడం మొదలెట్టారు. కోతలయ్యాక ఊరి చుట్టూ పొగే. ఆ పొగకి మా వదినగారికి దగ్గు. మా ఆయన ఒక్కడే తగలెట్టేవాడు కాదు. పశువుల కోసం ఒక చెక్క మడి చేత్తో కోయించి అక్కతో చిన్న వామి వేయించేవాడు. మిగిలిన మడిలో గడ్డిని చూస్తూ గట్టు మీద కూర్చునేవాడు.

ఝాన్సీ అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. బందరు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. స్కూటీ మీద వచ్చి, మా వామి అడుగున కుళ్ళిన గడ్డి కావాలని అడిగింది.

"బంగారంలాంటి గడ్డి పైన పెట్టుకుని కుళ్ళింది అడుగుతావేంటమ్మాయ్?" అంది మా వదినగారు.

"గడ్డి కాదు పెద్దమ్మగారూ, దాన్ని కుళ్ళబెట్టేవాళ్ళు కావాలి నాకు."

"కుళ్ళబెట్టేవాళ్ళా? అయితే మా బంగార్రాజుని తీసుకుపో. వాడి చేతిలో పడితే ఏదైనా కుళ్ళుద్ది."

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. కుళ్ళు చిన్న చిన్న సంచుల్లో నింపి, కొన్నిటికి ఎర్ర నైలాను దారం, కొన్నిటికి పసుపు దారం కట్టుకుని వెళ్ళింది. తర్వాత అప్పుడప్పుడూ వచ్చేది. మా ఆయనా ఆ అమ్మాయీ గట్టు మీద కూర్చుని ఏదేదో మాట్లాడుకునేవారు. ఈ ఏడు కోతలయ్యాక ఒక నీలం డ్రమ్ము తెచ్చింది. బెల్లం పులిసిన వాసన. మా ఆయన అది ఇంటి పక్క మడిలో సగానికి పిచికారీ చేశాడు. "ఏంటండీ అది?" అంటే "చూద్దువుగాని ఉండు" అన్నాడు. ఆయన తీరే అంత. అయ్యాక చూపించడమే గాని ముందు చెప్పడు. ఆ వారం నేను నాగాయలంకలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. నేను తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఆయన మోటారు సామాను కోసం గుడివాడ వెళ్ళాడు.

గుడివాడ బస్టాండులో బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట. గుండె అన్నారు. జేబులో ఫోను కింద పడి పగిలిపోయింది. శవంతోపాటు ఆ ఫోను, ఒక కవరులో మోటారు సామాను నా చేతిలో పెట్టారు. నేను ఆ కవరు తీసుకెళ్ళి మోటారు పక్కన పెట్టి వచ్చాను. ఎవరో "ఏడవమ్మా, ఏడువు" అంటున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన్ని తెల్ల పంచె, తెల్ల చొక్కాతో పెట్టెలో పడుకోబెట్టారు. మా వదినగారు పెట్టె అంచు పట్టుకుని నిలబడింది. సమాధి దగ్గర మట్టి వేసేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

జ్ఞాపకార్థ కూడికకి ఊరంతా వస్తారు కదా అని ఇంటి పక్క మడిలో టెంటు వేద్దామన్నారు. అందులో మేము ఈసారి మినుము చల్లలేదు. పొద్దున్నే బంగార్రాజు గునపం తీసుకుని గుంజలకి గుంటలు తీస్తున్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. ఒక్కసారి అరుపు వినబడింది.

వెళ్ళి చూస్తే గునపం మొనకి సగం చివికిన తెల్లగుడ్డ పీలిక వేలాడుతోంది. దాని చివర ఎర్రదారం, దారానికి చిన్న పుల్ల. బంగార్రాజు పక్కన తవ్వాడు. ఇంకోటి. మళ్ళీ పక్కన. ఇంకోటి. గడ్డి కింద, మట్టిలో, వరసగా.

"అమ్మో! చేతబడి!" అంది పక్కింటి భానుమతి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "ఎర్రదారం చూశారా? అందుకే అంత మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టు పోయాడు!"

గట్టు మీద కూలబడ్డాను. బంగార్రాజు పీలికని నీళ్ళలో జాడించి పట్టుకున్నాడు. సన్నగా నీలం అంచు కనబడింది.

అందరూ ఒకేసారి మా వదినగారి వైపు తిరిగారు.

ఆవిడ వచ్చి ఆ పీలికని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. "నాదే. పెట్టెలోది" అంది.

"నీదెలా వచ్చిందక్కా ఇక్కడికి?" బంగార్రాజు అడిగాడు.

"తమ్ముడు అడిగాడు. ఇచ్చాను."

"ఎందుకని?"

"నేనడగలేదు."

"పెట్టెలో దాచుకున్న చీర అడిగితే ఎందుకని అడగవా? ఎవరన్నా నమ్ముతారా?"

"వాడేం అడిగినా ఎందుకని ఎప్పుడూ అడగలేదురా. నువ్వడిగినా అంతే" అందావిడ.

ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. మొగుణ్ణి తిన్నది, తమ్ముణ్ణి తిన్నది అని ఎవరో వెనక నుంచి అన్నారు. చర్చి అయ్యగారు వచ్చి, "మనం క్రైస్తవులం, ఇలాంటివి నమ్మకూడదు" అని చెప్పారు. చెబుతూనే ఆ గుడ్డల వైపు కాకుండా రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డారు. టెంటు చర్చి ముందుకి మార్చారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ మా వదినగారి పక్క చాప ఖాళీగానే ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను. నేనేదో తేల్చుకుని కూర్చోలేదు. ఆవిడ పక్కన తప్ప నాకు ఇంకెక్కడా కూర్చునే అలవాటు లేదు.

కూడిక అయ్యాక బంగార్రాజు నన్ను పక్కకి పిలిచాడు. "వదినా, అక్కని గుడివాడలో మన పెద్దనాన్న మనవరాలింట్లో దింపేస్తాను. ఎల్లుండి పొద్దున్న ఆటో చెప్పాను. కొన్నాళ్ళే. ఊరు చూశావుగా ఎలా ఉందో. ఇంటికి నిప్పెట్టినా పెడతారు."

"కొన్నాళ్ళంటే?"

వాడు ఏడుస్తున్నాడు. వాడికి పగ లేదు, భయం. అది నాకు తెలుసు. మా ఊళ్ళోంచి అలా పంపిన మనిషిని మళ్ళీ ఎవరూ తీసుకురారని కూడా తెలుసు.

మా వదినగారు ఇంట్లో మూట కట్టుకుంటోంది. నేను గడప మీద కూర్చుని ఆ గునపం వైపే చూస్తున్నాను. దానికింకా ఎర్రదారం ముక్క అంటుకుని ఉంది. నైలాను దారం. ఆ దారం నేను ఇంతకుముందు చూశాను. సంచుల మూతికి కట్టి ఉండగా చూశాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. అవనిగడ్డలో మారి, పులిగడ్డ దాటి, చల్లపల్లి మీదుగా బందరు. ఒక్కదాన్నే అంత దూరం వెళ్ళడం అదే మొదలు. యూనివర్సిటీలో ఝాన్సీ పేరు చెప్పుకుంటూ నలుగురిని అడిగి మేడెక్కాను. తెల్లకోటు వేసుకుని గాజు మూతలేవో సర్దుతున్న అమ్మాయి వెనక్కి తిరిగింది.

"అత్తయ్యగారూ! మీరా! అంకుల్ ఏరండీ? నేను ట్రైనింగుకని హైదరాబాదెళ్ళి మొన్నే వచ్చాను. ఎన్నిసార్లు చేసినా ఫోను స్విచ్చాఫ్. నా మీద కోపమా ఏంటి?"

ఆ అమ్మాయి నా బోసి మెడ, గాజుల్లేని చేతులు చూసింది. చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టబోయి జారవిడిచింది. గాజు పగిలింది. ఆ ముక్కల మధ్యే కింద కూర్చుండిపోయింది.

చాలాసేపయ్యాక తెల్లగుడ్డల సంగతి అడిగాను. నేను చెబుతుంటే ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి.

"చేతబడా? అయ్యో అత్తయ్యగారూ, అది నా ప్రయోగమండీ!"

అప్పుడు ఆ అమ్మాయి నాకు అర్థమయ్యేలా చెప్పింది. గడ్డిలోనూ నూలుబట్టలోనూ కాగితంలోనూ ఉండే పదార్థం ఒకటేనట, సెల్యులోజ్ అంటారట. అది గట్టి పదార్థం. దాన్ని తెంచడానికి ఎంజైములని ఉంటాయి, కంటికి కనబడని కత్తెరల్లాంటివి. మా వామి అడుగున ఉండే బాక్టీరియా ఆ కత్తెరల్ని బయటికి వదిలి, గడ్డిని తెంచుకుని తింటుంది.

"కానీ అది నెమ్మదండీ. మడిలో గడ్డి మళ్ళీ పైరుకి ముందే కుళ్ళాలంటే ఆ స్పీడు చాలదు. అందుకని దాన్ని అతినీలలోహిత దీపం కింద పెట్టాం. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. బతికినవాటిలో కొన్నిటికి లోపల రాత మారిపోయింది. మ్యూటెంట్లంటారు. చాలావరకు ఎందుకూ పనికిరావు. ఒకటి మాత్రం... ఇలా రండి."

గాజుమూత తీసింది. లోపల ఎర్రగా జిగురులాంటిది పరిచి ఉంది. అందులో రెండు చుక్కలు. ఒక చుక్క చుట్టూ ఎరుపు పోయి సన్నని తెల్లటి వలయం. రెండో చుక్క చుట్టూ ఆ వలయం ఎంతో పెద్దది, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు ఉంది.

"సెల్యులోజ్ ఉన్నచోట ఈ ఎరుపు పడుతుంది. తినేసినచోట పట్టదు. చిన్న వలయం మీ వామిలో దొరికినది. పెద్దది దాని సంతానం, దీపం కింద మారినది."

చచ్చిపోకుండా మిగిలినదానికి ఇంత ఆకలా అని నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

డ్రమ్ములో తెచ్చింది దాన్నేనట. మడిలో అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే నూలుగుడ్డ పీలికలు మట్టిలో పూడ్చి, కొన్నాళ్ళకి తీసి ఎంత తిన్నదో చూడాలి. రంగు వెయ్యని పాత నూలుబట్ట కావాలని మా ఆయన్ని అడిగింది. పిచికారీ చేసిన సగంలో ఎర్రదారం, చెయ్యని సగంలో పసుపుదారం కట్టి ఆయనే పూడ్చాడు.

"ఊళ్ళో చెప్పొద్దన్నది ఆయనేనండీ. పురుగులు చల్లుతున్నాడంటే వామిలున్నవాళ్ళు గొడవ పెట్టుకుంటారు, ముందు ఫలితం చూపిద్దాం అన్నారు."

నేను లేచాను. "రేపు పొద్దున్నే ఆటో వస్తుందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కోటు విప్పేసింది.

మేము ఆఖరి బస్సుకి కోడూరు చేరేసరికి అందరూ పడుకున్నారు. పొద్దున్న లేచేసరికి ఆటో గుమ్మంలో ఉంది. మూట ఆటోలో ఉంది. మా వదినగారు అరుగు మీద కూర్చుని ఉంది. వీధిలో జనం.

"బాబాయ్ గారూ, ఒక్క పది నిమిషాలు. మడిలోకి రండి" అంది ఝాన్సీ బంగార్రాజుతో.

అందరూ గట్టు మీద నిలబడ్డారు. ఝాన్సీ మోకాళ్ళ మీద కూర్చుని, ముందు పసుపుదారం ఉన్నచోట మట్టి తీసింది. పీలిక మాసిపోయింది, మచ్చలు పడింది, కానీ గుడ్డ గుడ్డలాగే ఉంది. తర్వాత ఇవతల సగానికి వచ్చి, గునపం తగలనిచోట, తడి ఎక్కువున్నచోట ఒక ఎర్రదారం పట్టుకుని లాగింది.

గుడ్డ రాలేదు. నీలం అంచు మాత్రం పురికొసలా మట్టిలోంచి వచ్చింది. దానికి అక్కడక్కడా సాలెగూడులాంటిది వేలాడుతోంది. వేలు తగలగానే అదీ రాలిపోయింది.

జనం ఒక్కసారి వెనక్కి అడుగేశారు. చెప్పించుకుని కూడా నేనే అదిరిపోయాను. ఇక వాళ్ళ సంగతి చెప్పేదేముంది?

"చూశారా! చూశారా! చీరని తిన్నట్టే మనిషినీ తినేసింది!" అంది భానుమతి.

"తిన్నది బాక్టీరియా అండీ!" ఝాన్సీ అరిచింది. "అంచు పాలిస్టరు, అది దానికి అరగదు. నూలు మాత్రమే తింటుంది. పక్కన గడ్డి చూడండి, ఎలా మెత్తబడిందో!" చెబుతోంది గాని ఎవరి చెవికీ ఎక్కడం లేదు. బంగార్రాజు ఆటో వైపు నడిచాడు. ఝాన్సీ ఫోను తీసి గబగబా వేళ్ళు ఆడించింది.

మడిలో మా ఆయన గొంతు వినబడింది.

"ఝాన్సీ అమ్మా, బట్టలు పెట్టేశానమ్మా. ఇటు ఎర్రవి, అటు పసుపువి. మా అక్క చీర. గంజి లేకుండా ఉతికి మరీ చింపాను, అయినా మీ పురుగులకి అరగకపోతే నా పూచీ కాదు. మా అక్క పెట్టెలోది తీసి ఇచ్చేసింది, ఎందుకురా అని కూడా అనలేదు. ఇది పనిచేస్తే ముందు ఆవిడకే చూపించాలి. వచ్చే ఏడు ఊళ్ళో పొగ ఉండకూడదమ్మా, మా అక్క దగ్గలేకపోతోంది."

చివర్లో ఒక నవ్వు. తర్వాత దూరంగా మా గేదె అరిచిన అరుపు. ఫోనులో మెసేజీ ఆగిపోయింది.

నేను గట్టు మీద మట్టి గుప్పిట్లోకి పట్టుకున్నానని తర్వాతెప్పుడో చూసుకున్నాను. ఆయన్ని పూడ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. బంగార్రాజు ఆటోకీ మడికీ మధ్య నిలబడిపోయాడు. భానుమతి కొంగు కళ్ళకి అద్దుకుంది.

మా వదినగారు నెమ్మదిగా మడిలోకి దిగింది. ఝాన్సీ చేతిలో అంచు తీసుకుని వేలికి చుట్టుకుంది. వంగి గుప్పెడు గడ్డి తీసి వాసన చూసింది.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను."

"అడగండి పెద్దమ్మగారూ."

"తమ్ముడి ఒంటి మీద ఉన్నది కూడా నూలుపంచే. ఆ మట్టిలో కూడా ఉంటాయా ఇవి?"

ఝాన్సీ నా వైపు చూసింది. ఆ ప్రశ్న బందరులో ఆ గాజుమూత చూసినప్పటినుంచీ నా గొంతులో ఉంది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఈ మారినవి ఉండవండీ" అంది చివరికి. "అక్కడివి మామూలువి. మీ వామి కింద ఉండేలాంటివి. అవి నెమ్మదండీ. చాలా నెమ్మది."

"నెమ్మదైతే సరే" అంది మా వదినగారు. గుప్పెట్లో గడ్డి మళ్ళీ మడిలోనే వేసింది. తర్వాత, "ఇంకా ఎన్నున్నాయి లోపల?"

"ఇంకా ఒక వరస ఉందండీ. అది ఇంకో నెల ఉండాలి. బయటికి తీసినవి ఇక పనికిరావు."

మా వదినగారు బంగార్రాజు వైపు తిరిగింది. "ఒరేయ్, ఇటు రా. నీ గునపం పడ్డ గుంటలన్నీ పూడ్చు. చేత్తో పూడ్చు, ఆ వరస కదలకుండా. నీ చేతిలో పడితే ఏదైనా కుళ్ళుద్దన్నానని కుళ్ళబెట్టేసేవు."

బంగార్రాజు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు. మట్టి రెండు చేతులా గుంటల్లోకి తోస్తూ ఉన్నాడు. ఆవిడ వాడి నెత్తి మీద చెయ్యి పెట్టలేదు, తిట్టనూ లేదు. పక్కనే నిలబడి, "అక్కడ వదిలేశావు. అది కూడా" అంటూ చూపించింది.

ఆటో అతను హారను కొట్టాడు. నేను వెళ్ళి మూట దింపుకున్నాను. ఇంట్లో విప్పి సర్దుదామని చూస్తే అందులో ఒక చీరే ఉంది. రెండోది ఆవిడ ఒంటి మీద ఉంది. ఉన్నదాన్ని మడతపెట్టి పెట్టెలో, మూడోది ఉండేచోట పెట్టాను.